కొన్నది హెర్ట్‌ఫర్డ్, పేరు వాలెస్‌ది: ఎందుకలా?

మీరు అడిగింది ఇది: లండన్‌లో వాలెస్ కలెక్షన్ చూసొచ్చారు. బొమ్మల పక్కన చీటీల్లో ఎక్కడ చూసినా నాలుగో మార్క్విస్ ఆఫ్ హెర్ట్‌ఫర్డ్ కొన్నట్టు రాసి ఉంది (మార్క్విస్ అంటే బ్రిటన్‌లో ఒక ప్రభు బిరుదు). మరి మ్యూజియానికి వాలెస్ పేరెందుకు, ఈ హెర్ట్‌ఫర్డ్ ఎవరు, అంత డబ్బు ఎక్కడిది?

రెండు ముక్కల్లో చెప్పాలంటే, కొన్నది హెర్ట్‌ఫర్డ్, నిలబెట్టింది వాలెస్ దంపతులు. ఆయన వీటిని దేశానికి రాసివ్వలేదు. చట్టం దృష్టిలో ఆయనకు ఏమీ కాని ఒక మనిషికి రాశాడు. ఆ మనిషి భార్య, ఒకప్పుడు ప్యారిస్‌లో అత్తరు దుకాణంలో పనిచేసినావిడ, దేశానికి రాసింది. మిగతా కథంతా ఈ మధ్యలో ఉంది, కాస్త పెద్దదే.

పాత చిత్రాల వేలం కేటలాగులు రాసే పనిలో చాలా ఏళ్లున్నాను. ఆ పనిలో ఈయన పేరు తగలని వారం ఉండదు. 1840ల నుంచి 1870 దాకా లండన్, ప్యారిస్, హేగ్, రోమ్‌లలో జరిగిన పెద్ద వేలాల్లో ఏది తిరగేసినా, కొన్నవాళ్లలో ఈయనైనా ఉంటాడు, ఈయన తరఫు మనిషైనా ఉంటాడు.

పూర్తి పేరు రిచర్డ్ సీమోర్-కాన్వే. 1800 ఫిబ్రవరి 22న లండన్‌లో పుట్టాడు. తండ్రి మూడో మార్క్విస్. జూదం, ఆడవాళ్లు, యువరాజుతో స్నేహం ఆయన దినచర్య. కానీ చిత్రాల విషయంలో కన్ను మంచిది. మీరు అక్కడ చూసిన టిషియన్ చిత్రం, బండకు కట్టేసిన ఆండ్రోమెడాను కాపాడటానికి పెర్సియస్ ఆకాశం నుంచి తలకిందులుగా దూకుతున్నది, 1815లో ఆ తండ్రి కొన్నదే. తల్లి మరియా ఫన్యానీ, ముద్దుపేరు మీ-మీ. ఆవిడ కథ విడిగా రాయాల్సినంత ఉంది. ఆవిడ తండ్రి ఎవరన్నది ఎప్పటికీ తేలలేదు. క్వీన్స్‌బెర్రీ డ్యూకు, జార్జ్ సెల్విన్ అనే ఇంకో ధనికుడు, ఇద్దరూ నా బిడ్డే అనుకున్నారు, ఇద్దరూ ఆవిడకు ఆస్తి రాశారు. తండ్రెవరో తెలియకపోవడం వల్ల ఇంత లాభపడ్డ మనిషిని చరిత్రలో ఇంకొకరిని నేను చూడలేదు.

కుర్రాడు ఫ్రాన్సులో పెరగడానికి కారణం యుద్ధం. 1802లో ఇంగ్లండ్, ఫ్రాన్సులకు సంధి కుదిరింది కదా అని కుటుంబం ప్యారిస్ వెళ్లింది. మరుసటి ఏడే సంధి చెడింది. అక్కడ చిక్కుకుపోయిన ఇంగ్లిషు మగవాళ్లను నెపోలియన్ నిర్బంధించాడు. తండ్రికి 1806లో విడుదల దొరికింది, ఆయన ఇంటికెళ్లాడు. తల్లి మాత్రం వెళ్లలేదు, పిల్లలతో ప్యారిస్‌లోనే ఉండిపోయింది. అలా బ్రిటన్‌లో అత్యంత ధనిక కుటుంబాల్లో ఒకదానికి వారసుడు శత్రు రాజధానిలో, ఫ్రెంచి మాట్లాడుతూ పెద్దవాడయ్యాడు. తర్వాత కొంతకాలం గుర్రపు దళంలో అధికారిగా, 1822 నుంచి 1826 దాకా పార్లమెంటు సభ్యుడిగా, కొన్నాళ్లు రాయబార కార్యాలయంలో పనిచేశాడు. ఏదీ మనసు పెట్టి చేసింది కాదు. పెళ్లి చేసుకోలేదు. 1835లో ప్యారిస్ శివారు బోయ్ ద బులోన్‌లో బగటెల్ అనే చిన్న విడిదిమేడ కొన్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో రాణి మారీ ఆంటువానెట్‌తో పందెం కాసి రాజు తమ్ముడు 64 రోజుల్లో కట్టించిన మేడ అది. ఊళ్లో ఉన్నప్పుడు ర్యూ లాఫిట్ అనే వీధిలో నివాసం. 1842లో తండ్రి పోయాక బిరుదు, ఆస్తి చేతికొచ్చాయి. అప్పటికి 42 ఏళ్లు. అక్కడ్నుంచి చనిపోయేదాకా, 28 ఏళ్లు, ఆయన చేసిన పని ఒక్కటే: కొనడం.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఐర్లండ్‌లో ఉంది. ఆంట్రిమ్ జిల్లా లిస్బర్న్ చుట్టూ దాదాపు 60,000 ఎకరాలు ఆ కుటుంబానివి. ఏటా దాదాపు 50,000 పౌండ్ల కౌలు. మన దగ్గర మద్రాసులో మకాం పెట్టి గుమాస్తాల చేత శిస్తు వసూలు చేయించిన జమీందార్లు గుర్తొస్తారు కదా, ఇదీ అంతే, ఊరు మాత్రం ప్యారిస్. లిస్బర్న్ వ్యవహారమంతా స్టానస్ అనే చర్చి పెద్ద చేతుల్లో ఉండేది. ఆయనే ఎస్టేటు ఏజెంటు. ప్రభువుగారు ఆ భూములు చూడ్డానికి జీవితంలో ఒక్కసారి వెళ్లాడు, 1845లో. బంగాళాదుంప పంట కుళ్లడం మొదలైన ఏడాది అది. తర్వాతి నాలుగేళ్లలో ఐర్లండ్‌లో పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో పోయారు. అల్స్టర్‌లో, అంటే లిస్బర్న్ వైపు, నారబట్టల నేత ఉండటం వల్ల పడమటి జిల్లాలంత ఘోరం జరగలేదు. కానీ ఆ సంవత్సరాల్లోనే ఈయన కొనుగోళ్లు జోరందుకున్నాయి. 1845లో రోమ్‌లో నెపోలియన్ మేనమామ కార్డినల్ ఫెష్ చిత్రాల వేలం, 1848లో దివాలా తీసిన బకింగ్‌హామ్ డ్యూకు ఇల్లు స్టో వేలం, 1850లో హేగ్‌లో హాలండ్ రాజు రెండో విలియం చిత్రాల వేలం. మూడింట్లోనూ ఈయన డబ్బు మాట్లాడింది. పుసాన్ గీసిన, కాలపురుషుడు వాద్యం వాయిస్తుంటే నలుగురు చేతులు పట్టుకుని ఆడే చిత్రం ఫెష్ వేలంలోది. వాన్ డైక్ గీసిన లె రువా దంపతుల నిలువెత్తు చిత్రాల జత హేగ్‌ది.

మ్యూజియం చీటీలు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టవు. మీరు ఫ్రాన్స్ హాల్స్ చిత్రం ముందు నిలబడే ఉంటారు: నడుం మీద చెయ్యి, పైకి మెలితిప్పిన మీసం, మనల్ని ఓరగా చూసే కుర్రాడు, 1624 నాటిది. 1865లో పుర్తలేస్ వేలంలో బ్యారన్ జేమ్స్ రోత్‌షీల్డ్‌తో పోటీ పడి 51,000 ఫ్రాంకులకు కొన్నాడు. అంటే 2,040 పౌండ్లు. వేలందార్లు వేసిన అంచనాకు ఆరు రెట్లు పైన. ఊరంతా నోరు వెళ్లబెట్టింది. ఎందుకంటే అప్పటికి హాల్స్ పెద్ద పేరున్నవాడు కాదు. చేతివాటంగా గీసి పారేసే తాగుబోతు అన్న అభిప్రాయమే ఎక్కువ. ఇదంతా కళాచరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. దీన్ని లిస్బర్న్ కౌలులోకి మార్చి చూడండి: పదిహేను రోజుల వసూలు.

ఆ చిత్రం దగ్గరికి మళ్లీ వెళ్తే ముఖం వదిలేసి ఎడమ చేతి చొక్కా చూడండి. నల్ల పట్టు మీద ఎరుపు, పసుపు, తెలుపు దారాలతో కుట్టు: తేనెటీగలు, బాణాలు, మంటలు, ముడులు. అన్నీ ప్రేమ గుర్తులే. దగ్గరకెళ్తే దారం కనబడదు, తడి రంగులో లాగిన గీతలు కనబడతాయి. రెండడుగులు వెనక్కొస్తే మళ్లీ కుట్టు. ముంజేతి దగ్గర లేసు కూడా అంతే.

ఇక ఆయన అభిరుచి. లండన్‌లో ఆయన తరఫున కొనే వర్తకుడి పేరు శామ్యూల్ మాసన్. వీళ్లిద్దరి ఉత్తరాలు మిగిలాయి, అచ్చయ్యాయి కూడా. పండితుల వ్యాసాల కంటే ఆ ఉత్తరాల్లోనే మనిషి ఎక్కువ దొరుకుతాడు. ఒళ్లు బాగుండటం లేదని ఫిర్యాదు, ఆ వెంటనే ఫలానా చిత్రం ఒరిజినలేనా, పైన రంగు పూసి బాగుచేశారా, ఎవరెవరు పోటీకి వస్తున్నారు అని ప్రశ్నలు. నాకు కంటికింపుగా ఉండే చిత్రాలే ఇష్టం అని నిర్మొహమాటంగా రాస్తాడు. తొలి ఇటాలియన్ల బంగారు పూత మడొన్నాలు, అంటే మేరీమాత బొమ్మలు, ఆయనకు నచ్చవు. సిలువలు, హతసాక్షులు, రక్తం, ముసలి సన్యాసులు అక్కర్లేదు. అందుకే ఆ మ్యూజియంలో అంత నవ్వు, అంత పట్టు, అన్ని లేత బుగ్గలు. కొందరు విమర్శకులు దీన్ని లోతులేని రుచి అన్నారు. గ్రూజ్ గీసిన కన్నీటి కళ్ల పిల్లల బొమ్మలు చూస్తే నాకూ ఆ మాట నిజమే అనిపిస్తుంది. అన్ని గ్రూజ్‌లు ఎవరికీ అవసరం లేదు. కానీ ఆయన అదే రుచితో వెలాస్కెజ్ విసనకర్ర పట్టుకున్న స్త్రీని కొన్నాడు, రెంబ్రాండ్ తన కొడుకు టైటస్‌ను గీసిన చిత్రాన్నీ కొన్నాడు. ఆ రెండింటినీ ‘ఇంపైనవి’ అని కొట్టిపారేయలేం.

ఒక విషయంలో ఆయన లోకానికి ముందున్నాడు. విప్లవం తర్వాత ఫ్రాన్సులో పద్దెనిమిదో శతాబ్దపు కళంటే పాతబడ్డ, సిగ్గుపడాల్సిన సరుకు. బూషే, ఫ్రగొనార్, వాతో, రాజభవనాల్లోంచి వేలంలో చెదిరిపోయిన బల్లలు, బీరువాలు, సెవ్ర్ పింగాణీ, వీటి మీద పెద్దమనుషులకు గౌరవం లేదు. ఈయన వాటినే ఏరుకున్నాడు. ఫ్రగొనార్ ‘ఉయ్యాల’ మీరు చూసే ఉంటారు: గులాబీ గౌను పిల్ల ఊగుతూ చెప్పు విసిరేస్తుంది, పొదలో పడుకుని ప్రియుడు పైకి చూస్తుంటాడు, చీకట్లో ముసలాయన తాడు లాగుతుంటాడు. 1865లో మోర్ని డ్యూకు ఆస్తి వేలంలో 30,200 ఫ్రాంకులకు కొన్నాడు. పదిహేనో లూయీ వర్సాయ్ పడకగదిలో ఉండిన సొరుగుబల్ల కూడా ఆ మ్యూజియంలో ఉంది. గోద్రో చేసింది, దాని మీద కంచు తీగలు కఫియేరి పోతపోసినవి. దొరకనివాటికి నకళ్లు చేయించాడు. పదిహేనో లూయీ రాతబల్ల ఫ్రెంచి ప్రభుత్వానిది, అమ్మరు. అందుకని అచ్చు దింపినట్టు అలాంటిదే ఇంకొకటి చేయించుకున్నాడు. ఆ నకలు ఇప్పుడు మ్యూజియంలో అసలువాటి మధ్యే ఉంది, పనితనం ఏమాత్రం తక్కువ కాదు.

తప్పులూ జరిగాయి. రెంబ్రాండ్‌లు అని కొన్నవాటిలో చాలావాటిని తర్వాతి పండితులు శిష్యుల ఖాతాలోకి మార్చారు, కొన్నింటిని ఈమధ్య మళ్లీ గురువు ఖాతాలోకి తెచ్చారు. ఈ రాకపోకలు ఇంకా ఆగలేదు. నా పనిలో చూసినంతవరకు ఆ తరం కొనుగోలుదార్లలో ఈయన పొరపాట్లు తక్కువే. కారణం కన్ను ఒక్కటే కాదు. చిత్రం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలిస్తేగాని, స్థితి బాగుంటేగాని పాట పాడించేవాడు కాదు. అవి సరిపోతే ధర చూసేవాడు కాదు. 1856లో రూబెన్స్ ‘ఇంద్రధనుస్సు’ ప్రకృతి దృశ్యం వేలానికి వస్తే దాని జత చిత్రం ఉన్న నేషనల్ గ్యాలరీకి అది కావాలి. ఈయన 4,550 పౌండ్లకు ఎగరేసుకుపోయాడు. ఆ జత మళ్లీ పక్కపక్కన వేలాడింది 2021లో, ఒక ప్రదర్శన కోసం.

విచిత్రం ఏమిటంటే కొన్నవాటిలో చాలా భాగం ఆయన కళ్లెదుట లేదు. లండన్‌లో కొన్నవి అక్కడే మాంచెస్టర్ స్క్వేర్ ఇంట్లో, అంటే ఇప్పటి మ్యూజియంలో, గోదాములో వేసినట్టు ఉండేవి. తానేమో ప్యారిస్‌లో. రానురాను మనుషులకు దూరమయ్యాడు, బగటెల్ గేటు దాటి లోపలికి వెళ్లడం ఎవరికోగాని సాధ్యమయ్యేది కాదు. పిసినారి అన్న పేరు కూడా వచ్చింది. అయితే 1857లో మాంచెస్టర్‌లో జరిగిన మహా కళా ప్రదర్శనకు 44 చిత్రాలు అరువిచ్చాడు. వాటికి విడిగా ఒక గది కేటాయించారు. ఈయన సంపద ఎంతో జనానికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

చివరి పదేళ్లలో ఇంకో పిచ్చి పట్టింది: తూర్పు దేశాల ఆయుధాలు. భారతీయ, పర్షియన్, తురుష్క కత్తులు, కటారులు, డాళ్లు. కింది అంతస్తులో ఆ గది ఉంది. కొందరు అక్కడిదాకా రాకుండానే బయటికెళ్లిపోతారు. 2024లో మహారాజా రంజిత్ సింగ్ మీద అక్కడ జరిగిన ప్రదర్శనలో ఆ భారతీయ ఆయుధాల్లో కొన్ని ముందుకొచ్చాయి.

ఇప్పుడు వాలెస్ సంగతి. 1818లో లండన్‌లో పుట్టాడు, చిన్నప్పటి పేరు రిచర్డ్ జాక్సన్, తల్లి ఆగ్నెస్ జాక్సన్. ఏడేళ్లు నిండకముందే ప్యారిస్‌లో మీ-మీ ఇంటికి చేరాడు, ఆవిడే పెంచింది. హెర్ట్‌ఫర్డ్‌కు 18 ఏళ్ల వయసులో పుట్టిన కొడుకని చాలామంది నమ్మకం. కాదు, మీ-మీకే పుట్టాడు, అంటే తమ్ముడవుతాడు అని వాదించినవాళ్లూ ఉన్నారు. హెర్ట్‌ఫర్డ్ ఎన్నడూ నోరు విప్పలేదు. కొడుకని ఒప్పుకోలేదు, వదులుకోనూ లేదు. కార్యదర్శిగా పెట్టుకున్నాడు, వేలాలకు పంపాడు, చిత్రాల గురించి సలహా అడిగాడు. 1842లో ఆ కుర్రాడు తన ఇంటిపేరును వాలెస్‌గా మార్చుకున్నాడు. సొంతంగా కొంత సేకరించి, స్టాక్ బజారులో దెబ్బతిని, 1857లో అదంతా అమ్ముకున్నాడు.

1870 ఆగస్టు 25న హెర్ట్‌ఫర్డ్ బగటెల్‌లో చనిపోయాడు. సరిగ్గా ప్రష్యా సైన్యం ప్యారిస్ మీదికి వస్తున్న రోజులు. వీలునామా తెరిస్తే, చట్టప్రకారం విడదీయరాని ఆస్తి (ఇంగ్లండ్‌లో రాగ్లీ హాల్ అనే కుటుంబ భవనం లాంటిది), బిరుదు దాయాదికి పోయాయి. తక్కినదంతా, చిత్రాలు, బగటెల్, లిస్బర్న్ భూములతో సహా, 1850లో చేర్చిన అనుబంధం ప్రకారం వాలెస్‌కు వచ్చింది. మా అమ్మను కనిపెట్టుకుని ఉన్నందుకు, నాకు విశ్వాసంగా ఉన్నందుకు అని కారణం రాశాడు. కొడుకు అన్న మాట అక్కడా లేదు. దాయాదులు ఊరుకుంటారా! లిస్బర్న్ మీద కేసు వేశారు. చివరికి వాలెస్ 4,00,000 పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. మాంచెస్టర్ స్క్వేర్ ఇంటి లీజు కూడా కొత్త మార్క్విస్ దగ్గర కొనుక్కున్నాడు.

ఆ శీతాకాలం ముట్టడిలో ప్యారిస్ ఎలుకలు తింటుంటే వాలెస్ పారిపోలేదు. వైద్యశిబిరాలు పెట్టించాడు, అక్కడ చిక్కుకున్న పేద ఇంగ్లిషువాళ్లకు తిండి, కట్టెలు ఇచ్చాడు, ఫిరంగి దెబ్బలకు ఇళ్లు పోయినవాళ్లకు 1,00,000 ఫ్రాంకులిచ్చాడు. ముట్టడిలో ఉన్న నగరం నుంచి ఉత్తరాలతో ఎగిరిన చివరి బెలూన్లలో ఒకదానికి ఆయన పేరు పెట్టారు. పాపం, అది సముద్రంలో కలిసిపోయింది. 1872లో నీటి కుళాయిలు కట్టించాడు. ఆకుపచ్చ పోత ఇనుము, నలుగురు స్త్రీమూర్తులు నెత్తిన గుమ్మటం మోస్తుంటారు, మధ్యలోంచి సన్నటి ధార. గొలుసుకు కట్టిన రేకు గ్లాసులు 1952 దాకా ఉండేవి, పరిశుభ్రత పేరుతో తీసేశారు. ప్యారిస్ వెళ్లినవాళ్లు ఆ కుళాయి పక్కన ఫొటో దిగి ఉంటారు, ఎవరిదో తెలియకుండానే. లిస్బర్న్‌కూ ఐదు పంపాడు. 1873లో ఆయన అక్కడికి వెళ్తే కౌలుదార్లు ఊరేగింపుగా ఎదురొచ్చారు. దాదాపు ముప్ఫై ఏళ్లుగా యజమాని మొహం చూడని ఊరు కదా. ఆ ఊరి తరఫున పార్లమెంటుకు ఎన్నికై 1885 దాకా ఉన్నాడు.

యూరప్ కవచాలు, మధ్యయుగపు వస్తువుల గురించి కూడా మీకు అనుమానం రావచ్చు, హెర్ట్‌ఫర్డ్ రుచికి ఇవి పొసగవే అని. నిజమే, అవి వాలెస్ కొన్నవి. 1871లో న్యువెర్కెర్క్ అనే ఫ్రెంచి అధికారి సేకరణ మొత్తాన్ని 6,00,000 ఫ్రాంకులకు ఒక్క బేరంలో తీసుకున్నాడు. ప్యారిస్ కమ్యూన్, అంటే ఆ ఏడాది నగరంలో లేచిన తిరుగుబాటు ప్రభుత్వం, చూసి భయపడి మంచి సరుకునంతా లండన్‌కు తరలించాడు. ఇల్లు సిద్ధమయ్యేలోగా 1872 నుంచి 1875 దాకా తూర్పు లండన్ కూలిజనం ఉండే బెత్నల్ గ్రీన్‌లో వాటిని ప్రదర్శనకు పెట్టించాడు. ఇది హెర్ట్‌ఫర్డ్ బతికుంటే ఊహకందని పని.

వాలెస్ కొడుకు 1887లో పోయాడు. తండ్రికి అతనితో అప్పటికే మాటల్లేవు. 1890లో వాలెస్ బగటెల్‌లోనే చనిపోయాడు. భార్య జూలీ కాస్టెల్నో ఇంగ్లిషు సరిగా రాని మనిషి. కొడుకు పుట్టిన ముప్ఫై ఏళ్ల తర్వాతగాని పెళ్లి కాలేదు, హెర్ట్‌ఫర్డ్ పోయాకే అయింది. ఆవిడ 1897లో చనిపోతూ మాంచెస్టర్ స్క్వేర్ ఇంటి కింది, మొదటి అంతస్తుల్లోని కళాఖండాలన్నీ బ్రిటిష్ దేశానికి రాసింది. షరతు: వేరే వస్తువులు కలపకూడదు, విడదీయకూడదు, దాని పేరు వాలెస్ కలెక్షన్. మీ ప్రశ్నకు సూటి జవాబు ఆ వీలునామాలో ఉంది. 1900 జూన్‌లో తలుపులు తెరిచారు.

మీరు చూసింది మొత్తం కాదు. ప్యారిస్‌లో మిగిలినవి వాలెస్ దంపతుల కార్యదర్శి జాన్ మర్రే స్కాట్‌కు పోయాయి. ఆయన 1912లో చనిపోతే ర్యూ లాఫిట్ సామానంతా ఆయన స్నేహితురాలు లేడీ సాక్‌విల్‌కు వచ్చింది. ఆవిడ దాన్ని సెలిగ్‌మన్ అనే వర్తకుడికి టోకున అమ్మేసింది. అందుకే ‘హెర్ట్‌ఫర్డ్ సేకరణ’ అని చీటీ ఉన్న కుర్చీలు, బల్లలు ఇవాళ అమెరికా మ్యూజియాల్లో కనబడతాయి, అప్పుడప్పుడు వేలాలకూ వస్తాయి. బగటెల్‌ను ప్యారిస్ నగరం కొనేసింది, తోట ఇప్పుడు అందరిదీ.

జూలీ వాలెస్ షరతు వల్ల వందేళ్లకు పైగా మాంచెస్టర్ స్క్వేర్ ఇంట్లోంచి ఒక్క బొమ్మ కూడా ప్రదర్శనకు బయటికి పోలేదు. 2019లో తాత్కాలికంగా అరువివ్వడానికి అనుమతి తెచ్చుకున్నారు. కాబట్టి మళ్లీ వెళ్లేముందు మీరు చూడాలనుకున్నది గోడమీదే ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి. టికెట్ లేదు. మన వాళ్లు అమరావతి శిల్పాల కోసం ఎలాగూ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్తారు. అక్కడ్నుంచి ఇది అరగంట నడక, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణం వెనక. గంటే టైముంటే పై అంతస్తు పొడవాటి పెద్ద గ్యాలరీ, కింద ఆయుధాల గదులు చూడండి. గ్రూజ్‌ల దగ్గర ఆగకపోయినా ఏం కాదు.